బొటనవేలికి లైటు క్లిప్పు: మూడేళ్ల వాడకం తర్వాత

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న షుగర్ క్లినిక్‌లో నర్సుని. కాళ్లలో రక్తప్రసరణ చూసే లైట్ సెన్సర్ మెషీన్ మాకొచ్చి మూడేళ్లు దాటింది. రోజూ వాడేది నేనే కాబట్టి, కొనాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

సూది లేదు, నొప్పి లేదు. కాలి బొటనవేలికి క్లిప్పు పెడతాం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలోకి రక్తం ఎక్కువ వచ్చి కాంతిని పీల్చుకుంటుంది. ఆ తేడా స్క్రీన్ మీద అలలా కనబడుతుంది. బాగున్న కాలిలో అల చటుక్కున లేచి, దిగేటప్పుడు చిన్న నొక్కు పడుతుంది. నాళం పూడుకుపోయిన కాలిలో మెల్లగా లేస్తుంది, గుండ్రంగా, చదునుగా ఉంటుంది. వేలికి చిన్న కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి కట్టే పట్టీ లాంటిది) కట్టి గాలి నింపితే అల ఆగుతుంది. గాలి వదులుతుంటే ఎక్కడ మళ్లీ మొదలైతే అదే వేలి బీపీ. దాన్ని చేతి బీపీ (పై అంకె)తో భాగిస్తే 0.7 కన్నా తక్కువొస్తే నాళం పూడుకుందేమోనని అనుమానించాల్సిందే.

మాకు దీని విలువ ఒక పెద్దాయన వల్ల తెలిసింది. "నాలుగడుగులేస్తే పిక్కలు గుంజుతున్నయ్ బిడ్డా, జరసేపు నిలబడితే తక్కువైతది" అన్నారు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకున్నారు. చీలమండ దగ్గర కఫ్ కట్టి, ఆ బీపీని కూడా చేతి బీపీతో భాగిస్తే 1.1, అంటే నార్మల్. కానీ వేలి దగ్గర 0.4 వచ్చింది! షుగర్ వల్ల నాళాలు గట్టిపడితే చీలమండ దగ్గర కఫ్‌కి సరిగా నొక్కుకోవు, లెక్క ఎక్కువ చూపిస్తుంది. వేలి నాళాలు అంతగా గట్టిపడవు. డాప్లర్‌కి (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) పంపితే తొడలో బ్లాక్ బయటపడింది. పుండు పడకముందే దొరికింది, నాకు అదే పదివేలు. బ్లాక్ ఎక్కడుందో మాత్రం ఈ మెషీన్ చెప్పదు, దానికి డాప్లర్ కావాలి.

మొదటి జనవరిలో చాలా టెన్షన్ పడ్డాను. పొద్దున్నే వచ్చిన ముగ్గురికీ అల చదునుగా వచ్చింది. పాదాలు ముట్టుకుంటే మంచుముద్దలు. చలికి నాళాలు ముడుచుకుంటాయి కదా. దుప్పటి కప్పి పావుగంట పడుకోబెట్టి మళ్లీ చూస్తే ఇద్దరికి మామూలుగానే ఉంది. అప్పటి నుంచి ముందు పాదం ముట్టుకుని చూశాకే క్లిప్పు పెడతాను. ఏసీ ఆపేస్తాను. బీడీకీ నాళాలు ముడుచుకుంటాయి కాబట్టి, తాగి వచ్చినవాళ్లని కాసేపు కూర్చోబెడతాను.

నెయిల్ పాలిష్ ఉంటే తుడవాలి. ఆషాఢంలో గోళ్లకి గోరింటాకు ముదురుగా పండి ఉంటుంది, అప్పుడు క్లిప్పుని వేలి పక్కలకి తిప్పి పెడతాను. మెట్టెలు తీయమని ఏ అమ్మనీ అడగను. అవి రెండో వేలికే, మనకి కావలసింది బొటనవేలు.

ఇబ్బంది కేబుల్‌తోనే. రెండుసార్లు క్లిప్పుకి అతుక్కున్న చోట తెగింది. కొత్తది రావడానికి నెల పట్టింది, ఆ నెలంతా చాలా బాధనిపించింది. కొనేటప్పుడే ఇంకో కేబుల్ అడిగి తీసుకోండి. తేడా ఉంటే ఎరుపు, బాగుంటే ఆకుపచ్చ రంగు మాత్రమే చూపించే మోడల్ వద్దు. అల కళ్లతో కనబడాలి. జనవరిలో చల్లటి పాదాలతో వచ్చిన ఆ ముగ్గురికీ మొదట వచ్చింది ఎరుపే మరి.