హోమ్ నర్సింగ్ సర్వీస్: అయిదుకి మూడు స్టార్లు, ఆ మూడూ సిస్టర్‌కే

నాన్నకి ప్రోస్టేట్ ప్రాబ్లమ్ వల్ల క్యాథటర్ (యూరిన్ బయటికి పోయే ట్యూబ్) పెట్టి ఇంటికి పంపేశారు, చూసుకోడానికి ఈ సర్వీస్ మాట్లాడుకున్నాం, రెండు నెలలైంది.

మొదట వచ్చిన సిస్టర్ చాలా నిక్కచ్చి మనిషి. గ్లవ్స్ ఉన్నాయి కదా అంటే, వేసుకునే ముందూ తీశాకా కూడా చేతులు కడగాలి బాబూ అనేవారు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ బ్లాడర్ కంటే కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. ఖాళీ చెయ్యాలంటే అడుగున ఉన్న ట్యాప్ ఒక్కటే తిప్పాలి, పైన ట్యూబ్ జాయింట్ జోలికే వెళ్లనిచ్చేవారు కాదు.

ఒకరోజు పొద్దున చూస్తే బ్యాగంతా సిరా ఒలికినట్టు ఊదా రంగు!! నాకు చెమటలు పట్టేశాయి. ఆఫీసుకి ఫోన్ చేస్తే డాక్టర్ని అడగండి సార్ అని పెట్టేశారు. సిస్టర్‌కి చేస్తే ఆవిడ అడిగిన మొదటి మాట "నాన్నగారికి మోషన్ అయ్యి ఎన్ని రోజులైంది?" నాలుగు రోజులు. మలబద్ధకం ఉంటే పేగుల్లో తయారైన ఒక పదార్థం లివర్ మీదుగా యూరిన్‌లోకి వస్తుందట, క్యాథటర్‌లో చేరిన బ్యాక్టీరియా దాన్ని నీలం, ఎరుపు రంగులుగా మారుస్తాయట, రెండూ కలిసి ఊదా. డాక్టరూ అదే అన్నారు, జ్వరం నొప్పి లేవు కాబట్టి యాంటీబయాటిక్ రాయలేదు, ట్యూబ్ మార్చి మోషన్‌కి మందిచ్చారు. నెల దాటిన క్యాథటర్‌లో దాదాపు అందరికీ బ్యాక్టీరియా ఉంటుందట, టెస్టులో కనపడిందని ప్రతిసారీ మందు మింగితే అవి మొండికేస్తాయి అంతే.

ఇక కంప్లైంట్. సిస్టర్ లీవ్ పెడితే వేరే కుర్రాణ్ణి పంపారు. వస్తూనే జాయింట్ ఊడదీసి బకెట్లోకి వంపాడు, నాన్నని పక్కకి జరిపేటప్పుడు బ్యాగ్ తీసుకెళ్లి మంచం మీద పడేశాడు. వారం తిరక్కుండానే వణుకుతో జ్వరం, ట్యూబ్ బ్లాక్. యూరిన్ కల్చర్ టెస్టులో ప్రోటియస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. మామూలుగా పేగుల్లో ఎవరి జోలికీ పోకుండా పడుండేదే, సందు దొరికితే మాత్రం యూరియాని అమ్మోనియా చేసేస్తుంది, దాంతో యూరిన్‌లో ఉప్పులు గడ్డకట్టి ట్యూబ్ మూసుకుపోతుంది. తీసిన క్యాథటర్ చివర సున్నం పట్టినట్టు తెల్లగా గరుగ్గా ఉంది, నేనే చూశా. ఆ కుర్రాడి వల్లే అని నేను రుజువు చెయ్యలేను గానీ, ట్రైనింగ్ ఇవ్వకుండా మనిషిని ఇంటికి ఎలా పంపుతారండీ?

గొడవ చేస్తే ఒక విజిట్ ఫ్రీ అన్నారు. ఫ్రీ వద్దు, ఆ సిస్టర్‌నే పంపండి అన్నా. సోమవారం నుంచి మళ్లీ వస్తున్నారు, మీరు బుక్ చేసుకునేట్టయితే లీవ్‌లో ఎవరొస్తారో ముందే అడగండి.