300 డిగ్రీల గేజ్ అని అమ్మాడు, 183కే అతుకు కరిగిపోయింది. కొనేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే బావి దగ్గర్నుంచి వచ్చాను, చేతులు కూడా కడుక్కోలేదు. పాత ఆయిల్‌ఫీల్డ్ టూల్స్ బాగుచేసి అమ్మే ఆయన ఎవరో మీలో సగం మందికి తెలుసు, పేరు రాయను. ఆయన దగ్గర 2 లక్షల 80 వేలు పెట్టి బావిలోకి దించి ఒత్తిడి కొలిచే, క్లాక్‌తో నడిచే ప్రెషర్ గేజ్ కొన్నాను. మాది కెన్యాలోని ఒల్కారియా, ఆవిరి బావులు. ఆ వేడికి మామూలు ఎలక్ట్రానిక్స్ నిలవవు. అందుకే ఇత్తడి రేకు మీద ముల్లుతో గీత గీసే పాతకాలం గేజ్ తీసుకున్నాను.

"మా దగ్గర 300 డిగ్రీలు ఉంటుందండీ" అని మూడుసార్లు చెప్పాను. "నిశ్చింతగా దించండి" అన్నాడు. రబ్బరు ఓ-రింగులు తీసేసి రాగివి వేశాను. క్లాక్‌లో నూనె మాడి జిగురవుతుందని మొత్తం కడిగి గ్రాఫైట్ పొడి పట్టించాను. ఒత్తిడికి కదిలి ముల్లుని తిప్పే లోహపు గొట్టం, అదే బూర్డాన్ ట్యూబు, ఉన్న భాగం ఒక్కటే ముట్టుకోలేదు. "అది విప్పితే క్యాలిబ్రేషన్ పోతుంది, నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మాను. ఎంత తప్పు చేశాను!

పొద్దున దించాం. పైకి తీసి చూస్తే రేకు మీద గీత చక్కగా పెరుగుతూ వచ్చి, 600 మీటర్ల దగ్గర ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. విప్పితే లోపలంతా నీళ్లు. అడుగున కందిగింజంత వెండిరంగు బొట్టు గడ్డకట్టి ఉంది. గోరుతో గీస్తే గీత పడింది. సీసం, తగరం కలిపిన సోల్డర్! రేడియోలు బాగుచేసేవాళ్లు వాడేది, 183 డిగ్రీలకే కరిగేది. వేడికి తట్టుకునేలా వెండి బ్రేజింగ్ (వెండి కలిపిన లోహంతో అతకడం) చేయాల్సిన ట్యూబు అతుకుకి అది పూశాడు. విప్పొద్దన్నది ఇందుకే.

ఫొటో పంపి ఫోన్ చేశాను. "ఆయిల్ బావుల వాళ్లెవరూ కంప్లైంట్ చేయలేదు బాబూ. మీ బావిలో వేడి ఎక్కువైతే నేనేం చేయను?" అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. తెల్లవారుజామున 5 గంటల నుంచి వించ్ దగ్గర నిలబడ్డ కుర్రాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాను. ఎల్లుండి బావి తెరుస్తారు, నా చేతిలో ఒక్క రీడింగూ లేదు.

మీరెవరైనా కొనేటట్టయితే, డబ్బు కట్టకముందే గేజ్‌ని 250 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు గంటలు ఉంచి, తర్వాత డెడ్ వెయిట్ టెస్టర్ (తెలిసిన బరువులతో ఒత్తిడి పెట్టి గేజ్‌ని సరిచూసే పరికరం) మీద చూడండి. ట్యూబు అతుకు ఉన్న భాగం మీ ముందు విప్పి చూపించనంటే వద్దనండి. ఎన్ని డిగ్రీలకో బిల్లు మీద రాయించుకోండి. నా బిల్లులో "గేజ్, 1" అని మాత్రమే ఉంది.