బ్రెకెన్‌రిడ్జ్: స్కీయింగ్ రానివాళ్లకే ఎక్కువ గిట్టుబాటు

కొలరాడోలో ఉండే మనవాళ్లు చాలామంది అక్కడి కొండల్లోని స్కీయింగ్ ఊరు బ్రెకెన్‌రిడ్జ్‌కి చలికాలంలో ఒకసారి వెళ్లి, మంచులో ఫొటోలు దిగి, జేబు ఖాళీ చేసుకుని వస్తారు. డెన్వర్ శివార్లలో ఉంటూ కొన్నేళ్లుగా అన్ని కాలాల్లోనూ వెళ్లొస్తున్నాను కాబట్టి చెప్తున్నా: స్కీయింగ్ పక్కన పెడితేనే ఈ ఊరు బాగా అచ్చొస్తుంది.

ముందు ఎత్తు సంగతి. ఊరే 9,600 అడుగుల మీద ఉంది. మొదటి రోజు తలనొప్పి, ఆయాసం, రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను డెన్వర్‌లో రెండు రోజులు ఉంచాక తీసుకెళ్లడం నయం. బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టర్ని అడిగి మరీ వెళ్లాలి. వంట కూడా మొరాయిస్తుంది. అక్కడ నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో వేసిన కందిపప్పు ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది. "ఇదేం పప్పురా, గులకరాళ్లు ఉడకేసినట్టుంది" అంది మా అమ్మ. అద్దెకు తీసుకున్న కాండోల్లో (అపార్ట్‌మెంట్లలో) వైన్ గ్లాసులు డజను ఉంటాయి గానీ కుక్కర్ ఒక్కటీ కనపడలేదు. ఇప్పుడు మా సామాన్లలో ముందు కారెక్కేది అదే.

చలికాలంలో సీజన్ మధ్యలో అప్పటికప్పుడు కొంటే, స్కీయింగ్‌కి కొండ మీదికి చేర్చే లిఫ్ట్ టికెట్ ఒక్కరికే 200 డాలర్లు దాటిపోతుంది. స్కీయింగ్ నేర్చుకోవాలని గట్టిగా ఉంటే పాస్ ముందుగానే కొనుక్కోండి. పిల్లలకు మంచులో జారడమే సరదా అయితే కార్టర్ పార్క్ గుట్ట ఉచితం, స్లెడ్ మనది తెచ్చుకుంటే చాలు. పక్కనున్న ఫ్రిస్కో ఊళ్లో ట్యూబింగ్, అంటే గాలి ట్యూబుల్లో కూర్చుని మంచు మీద జారడం కూడా బాగుంటుంది. నా ఓటు మాత్రం జనవరి చివర్లో జరిగే మంచు శిల్పాల పోటీకి. నిలువెత్తు దాటిన మంచు దిమ్మలను రకరకాల దేశాల జట్లు పవర్ టూల్స్ లేకుండా చేతి పనిముట్లతోనే చెక్కుతాయి. చెక్కుతున్నప్పుడు వెళ్లండి. పూర్తయ్యాక చూసినదానికంటే, రంపంతో కోస్తుంటే మంచు పొడి రాలడం దగ్గర నిలబడి చూడటమే మా పిల్లలకు నచ్చింది. చూడటానికి పైసా అక్కర్లేదు.

ఊళ్లో బస్సులు ఏడాదంతా ఉచితం. గొండోలా (తీగ మీద నడిచే కేబిన్లు) కూడా ఉచితమే గానీ చలికాలం, వేసవి సీజన్లలోనే తిరుగుతుంది. పెద్దవాళ్లు నడవకుండానే కొండ చూసి రావచ్చు. చెక్కతో చేసిన ఐజాక్ హార్ట్‌స్టోన్ అనే పెద్ద ట్రోల్ (జానపద కథల్లోని రాక్షసుడు) బొమ్మది ఇంకో కథ. 2018లో పెట్టినచోట జనం విరగబడటంతో చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గోల చేశారు. దాన్ని తీసేసి, మరుసటి ఏడాది వేరేచోట నిలబెట్టారు. ఇప్పుడు దాని దగ్గరికి వెళ్లేది చిన్నపిల్లలు కూడా నడవగలిగే దారి.

జులై ఆగస్టుల్లో అడవిపూలు, డిల్లన్ చెరువు, పీక్ 8 అనే కొండ దగ్గర పట్టాల మీద జారే కోస్టర్ బాగుంటాయి. హైకింగ్ ఏదైనా పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా దిగిపోవాలి. ఉరుములు మెరుపులు చెప్పి రావు, చెట్లు లేని ఎత్తులో దాక్కునే చోటుండదు. 14,265 అడుగుల క్వాండరీ పీక్ ఎక్కాలనుకునేవాళ్లు వేసవిలో పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి.

ఒక్కసారే వెళ్లే వీలుంటే సెప్టెంబర్ చివరి వారం ఎంచుకోండి. బోరియస్ పాస్ రోడ్డు ఒకప్పటి రైలు మార్గం, అందుకే ఎక్కడం నెమ్మదిగా ఉంటుంది. తారు రోడ్డు అయిపోయాక మట్టిదారి, అయినా మామూలు కారుతో నెమ్మదిగా పోవచ్చు. రెండువైపులా ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు ముద్దగా అయిపోతాయి. గాలి వీస్తే ఆకులన్నీ గలగలమంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా నాన్న కారు దిగి కాసేపు నడిచింది అక్కడే.

మే నెలలో మాత్రం వెళ్లకండి. మంచు కరిగి అంతా బురద, సగం హోటళ్లు మూసి ఉంటాయి. గదుల అద్దె తక్కువే, దానికి తగ్గట్టే ఉంటుంది. పైకి కనిపించే అద్దెను కూడా నమ్మొద్దు. ఒక కాండోలో శుభ్రం చేసే ఛార్జీ, పార్కింగ్, పన్నులు కలిపేసరికి చెప్పిన ధరకు సగం పైగా అదనమైంది.

చివరిగా ఐ-70 హైవే. డెన్వర్ నుంచి 80 మైళ్లే అయినా, స్కీ సీజన్‌లో ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణమంటే నరకం. సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు టైర్ల నిబంధన కూడా ఉంది, అరిగిన టైర్లతో బయలుదేరొద్దు. సెలవు దొరికితే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. లేదంటే ఆదివారం పొద్దున్నే టిఫిన్ పొట్లం కట్టుకుని కొండ దిగిపోండి.