మంగలి కత్తి, మూడు రాళ్ళు, ఒక తోలు పట్టా: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

గడ్డానికి నేను మంగలి కత్తే వాడతా. ఇప్పుడు సెలూన్లలో సగం బ్లేడు విరిచి పెట్టే కత్తి ఉంటది చూడండి, అది కాదు, వెనకటి రోజుల్లో వాడిన అసలు కత్తి, బ్లేడు మార్చేది ఏమీ ఉండదు, పదును మనమే పెట్టుకోవాలి. నాది జర్మనీలో జోలింగెన్ ఊళ్ళో చేసిన డోవో కంపెనీది, 5/8 సైజు, అంటే బ్లేడు వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, కార్బన్ స్టీలు. రెండు పక్కలా బాగా లోపలికి తొలిచి ఉంటది, అంచు దగ్గర రేకు ఎంత పల్చనంటే గోరు ఆనిస్తే వంగుతుంది. కత్తి బాగుందా అంటే చాలా బాగుంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్ళంతా అడిగేది ఇంట్లో నూరుకోగలమా అని, అది చెప్తా.

నూరుకోవచ్చు, భయం అక్కర్లేదు. ఎందుకంటే ఈ కత్తిలోనే కోణం ఉంది. వంటింటి కత్తి నూరేటప్పుడు ఎంత వాల్చి పట్టుకోవాలో చెయ్యే చూసుకోవాలి కదా, ఇక్కడ ఆ బాధ లేదు, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి జరపడమే, వెన్ను లావే కోణాన్ని పట్టి ఉంచుతుంది, సుమారు 16, 17 డిగ్రీలు. వెన్ను కూడా అంచుతో పాటే అరుగుతుంది కాబట్టి ఎన్నేళ్ళు నూరినా కోణం పెద్దగా మారదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని వచ్చేసినట్టే. కొందరు వెన్ను గీతలు పడకుండా కరెంటు టేపు ఒక వరస అంటిస్తారు, తప్పేం లేదు, కానీ టేపుతో మొదలెట్టిన కత్తికి ఎప్పుడూ టేపే వెయ్యాలి, లేకపోతే కోణం మారి అంచు రాయికి ఆనదు.

నా దగ్గర ఉన్న నూరుడు రాళ్ళు కింగ్ కంపెనీ 1000, ఒక పక్క 4000 ఇంకో పక్క 8000 ఉండే నార్టన్, ఆఖరికి నానివా 12000. నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన. నిజం చెప్పాలంటే మామూలుగా చేతికొచ్చేది 12000 ఒక్కటే. 1000 అనేది అంచుకి లొట్ట పడితేనో, పాత కత్తి తెచ్చుకుంటేనో కావాలి, బాగున్న కత్తిని దాని మీద పెడితే ఊరికే స్టీలు అరగదీసుకోవడమే. కింగ్ రాయి వాడే ముందు పది నిమిషాలు నీళ్ళలో నానాలి, నానివాకి నానబెట్టే పని లేదు, పైన చుక్కలు చల్లితే చాలు. ఏ రాయైనా నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే పగులుతాయి.

రాయి మీద కత్తి అంచు ముందుకి పెట్టి నడపాలి, కత్తి బరువు తప్ప చేతి బలం పెట్టకూడదు. మడమ, అంటే బ్లేడుకి పిడి వైపు కొస, దగ్గర మొదలెట్టి మొన దాకా ఐమూలగా లాగాలి, అప్పుడే అంచంతా రాయిని తాకుతుంది. చూడాల్సింది నీళ్ళని. అంచు సరిగ్గా ఆనుతుంటే రాయి మీది నీటిపొరని గీరుకుంటూ పోతుంది, నీళ్ళు బ్లేడు మీదికి ఎక్కుతాయి, ఎక్కడైనా ఎక్కకుండా కిందే ఉండిపోతే అక్కడ అంచు ఆనట్లేదని అర్థం. ఇంకా అనుమానం ఉంటే అంచు మీద నల్ల మార్కరు గీసి ఒక్కసారి లాగండి, ఇంకు ఎక్కడ మిగిలిందో కనిపిస్తది. 12000 మీద పని అయిపోవస్తుంటే కత్తి రాయికి అతుక్కుంటున్నట్టు చేతికి తెలుస్తుంది, ఇంక అక్కడ ఆపెయ్యొచ్చు.

అంతకంటే ముందు రాయి చదునుగా ఉండాలి, ఇది చాలామంది పట్టించుకోరు. కొన్న కొత్తలో కూడా రాయి పూర్తి చదునుగా రాదు. వంటింట్లో గ్రానైట్ గట్టు ఉంది కదా, దాని మీద 400 నంబరు వాటర్ పేపరు తడిపి పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి రుద్దండి, గీతలన్నీ చెరిగిపోతే చదును అయినట్టు.

కత్తిని రోజూ నిలబెట్టేది మాత్రం రాయి కాదు, తోలు పట్టా. నూరడం ఎప్పుడో నెలలకోసారి, పట్టా ప్రతి షేవ్‌కి ముందు. ముందు గుడ్డ వైపు ఓ ఇరవై సార్లు, తర్వాత తోలు వైపు యాభై సార్లు కత్తిని రుద్దాలి, ఇక్కడ వెన్ను ముందుకి వెళ్ళాలి, అంచు వెనక రావాలి. చివరికొచ్చాక కత్తిని వెన్ను మీదే తిప్పాలి, అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది. పట్టా బిగువుగా లాగి పట్టుకోండి, వదులుగా ఉంటే అంచు గుండ్రమైపోద్ది. పచ్చ పేస్టు, అదే క్రోమియం ఆక్సైడు, వేరే పట్టా మీద రాసుకుంటే రాయి దాకా వెళ్ళే అవసరం ఇంకా వాయిదా పడుద్ది, కానీ రోజూ వాడే తోలుకి మాత్రం రాయొద్దు.

సైకిలు చక్రం మీద కత్తులు సానబట్టేవాళ్ళకి దీన్ని అస్సలు ఇవ్వకండి, వాళ్ళ పనితనం గురించి కాదు, పొడి చక్రం వేడికి ఇంత పల్చటి రేకులో గట్టితనం పోతుంది, మళ్ళీ రాదు.

మా కాకినాడలో అసలు శత్రువు తుప్పు. సముద్రపు గాలి, వానాకాలం చెమ్మ, కార్బన్ స్టీలుకి రాత్రికి రాత్రే చుక్కలు వచ్చేస్తాయి. బాత్రూంలో ఉంచకూడదు. కడిగాక అంచు బట్టతో అద్ది, పిడి లోపల మేకు దగ్గర నిలిచిన తడిని టిష్యూ మడిచి దూర్చి తుడవాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే. పైన కుట్టుమిషను నూనె ఒక చుక్క. కొబ్బరి నూనె చాలామంది చెప్తారు, నాకు నచ్చదు, కొన్నాళ్ళకి జిగటగా పట్టేస్తుంది, చలికాలం గడ్డకడుతుంది.

కొత్తవాళ్ళు మొదట కొనాల్సింది షేవ్‌కి సిద్ధంగా నూరి పంపే కత్తి, ఒక మంచి పట్టా, అంతే. రాళ్ళు తర్వాత కొనుక్కోవచ్చు, అందులోనూ 12000తోనే మొదలెట్టండి, 1000 అవసరం పడేది పాత కత్తుల మీద మనసు పడ్డాకే.