మూడేళ్లుగా మా గట్టు మీద తెల్లంచు బేబీ సన్ రోజ్

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా వాకిట్లో వేపచెట్టును పడగొట్టిన దగ్గర్నుంచి గేటుకీ అరుగుకీ మధ్య ఉన్న గట్టుకి నీడ లేదు. పన్నెండు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. పడమటి ఎండ నేరుగా కొడుతుంది. నాచు పూలు వేశాను, ఒక వానాకాలం దాటేసరికి కాడలు మిగిలాయి. గడ్డి పరిపించాను, దానికి పోసిన నీళ్లతో ఒక వరిమడి పండేది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇక్కడ వేసవి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

2022 జనవరిలో రాజమండ్రి పెళ్లికి వెళ్లి వస్తూ కడియం దగ్గర ఆగాం. అక్కడ ఒక నర్సరీలో నేలకి అంటుకుని, మందపాటి ఆకులకి మీగడ రంగు అంచుతో ఒక మొక్క కనిపించింది. మా పక్క మార్గశిర లక్ష్మివారాల్లో ఒడియా ఇళ్ల ముందు బియ్యప్పిండితో వేసే ఝోటి ఉంటుంది చూడండి, ఒక్కో ఆకుకీ ఎవరో ఓపిగ్గా అలా గీత గీసినట్టుంది. కుండీ డెబ్భై రూపాయలు, నాలుగు తీసుకున్నాను. అమ్మే కుర్రాడు మూడు మాటలు చెప్పాడు: "కొత్తగా వచ్చింది మేడం. ఎండలో పెట్టండి. నీళ్లు అక్కర్లేదు." మూడేళ్ల తర్వాత ఆ మూడింటి సంగతీ రాయాలనిపించింది.

కొత్తది అన్నది మన నర్సరీల వరకే. దీన్ని వేరిగేటెడ్ బేబీ సన్ రోజ్ అని అమ్ముతారు, కొందరు అప్టీనియా అంటారు. పుస్తకాల్లో పేరు మెసెంబ్రియాంథిమమ్ కార్డిఫోలియమ్. నోరు తిరగదు గానీ అర్థం బాగుంటుంది: మధ్యాహ్నం పూసే పువ్వు, హృదయం ఆకారపు ఆకు. పుట్టిల్లు దక్షిణాఫ్రికా తూర్పు వైపు. పచ్చ రకాన్ని 18వ శతాబ్దంలోనే శాస్త్రజ్ఞులు గుర్తించి పేరు పెట్టారు. మన చేలల్లో కలుపుగా వచ్చే తెల్ల గలిజేరు కూడా ఈ కుటుంబానిదే. ఆ ముక్క తెలిశాక నాకు కొంచెం నవ్వొచ్చింది. ఒకదాన్ని పీకడానికి కూలి ఇస్తాం, దాని చుట్టాన్ని డబ్బు పెట్టి కొంటాం.

ఆకు పావలా బిళ్ల నుంచి రూపాయి బిళ్లంత ఉంటుంది. పట్టుకుంటే చల్లగా, నిండుగా తగులుతుంది. ఎండలో వంగి చూస్తే పైన సన్నటి పంచదార పలుకుల్లాంటి మెరుపు. ఎత్తు జానెడు కూడా పెరగదు, పక్కకి మాత్రం మూర దాటి పాకుతుంది. పాకుతున్న కాడ నేలకి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. ఈ గుణం వల్లే కాలిఫోర్నియాలోనూ ఆస్ట్రేలియాలోనూ పెరళ్లలోంచి బయటపడి కలుపుగా పేరు తెచ్చుకుంది. మా గట్టు మీద అంత ధాటీ చూపించలేదు. తెల్లంచు రకం పచ్చదానికంటే నెమ్మది.

పువ్వు గురించి ఒక మాట. మొదటి రెండు నెలలూ ఇది పూయదనే అనుకున్నాను. స్కూలుకి పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్లి సాయంత్రం అయిదుకి వస్తాను. ఒక ఆదివారం పన్నెండింటికి బట్టలు ఆరేస్తుంటే గట్టు మీద చిటికెనవేలి గోరంత చామంతుల్లా ఎరుపు-గులాబీ పూలు ఏడెనిమిది కనబడ్డాయి. అత్తగారికి చూపిస్తే, "రోజూ పూస్తున్నాయి కదే, నీకు తెలీదేటి?" అన్నారు. ఎండ బాగా పడితేనే విచ్చుకుంటాయి, పొద్దు వాలేసరికి ముడుచుకుంటాయి, మబ్బు పడితే అసలు తెరవవు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు పువ్వు కోసం దీన్ని కొనకండి. ఆకు కోసం కొనండి. ఆవిడ మాత్రం మొదట్నించీ ఒకటే మాట: "పువ్వు దేవుడికి చాలదు, ఆకు కూరకి రాదు, మరెందుకే ఇది?"

ఇక ఎండ సంగతి. ఫిబ్రవరి దాకా ఎంత ఎండైనా దీనికి సుఖమే. ఏప్రిల్ నెలాఖరు నుంచి పడమటి ఎండకి తెల్లంచులు ముందు గోధుమరంగుకి తిరిగి, తర్వాత కాగితంలా ఎండిపోయాయి. పచ్చభాగానికి ఏమీ కాలేదు. అంచులో పత్రహరితం లేదు, అందుకే ముందు దెబ్బ తినేది అదే. మొదటి ఏడాది నీళ్లు చాలక అనుకుని ఇంకా పోశాను. రెండో ఏడాది పాత చీర ఒకటి రెండు కర్రలకి కట్టి మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా నీడ ఇచ్చాను. అంచులు నిలిచాయి. తూర్పు ముఖం వాకిలి ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు.

అసలు నేను దెబ్బ తిన్నది నీళ్ల దగ్గర. కుర్రాడు చెప్పింది వేసవికి సగం నిజం: వారానికి రెండుసార్లు తడిపితే చాలు. వానాకాలం మాటేమిటని నేను అడగలేదు, అతను చెప్పలేదు. జులైలో వారం రోజులు ముసురు పట్టింది. మాది ఎర్రమట్టి, తడిస్తే బంక, ఆరితే రాయి. నీరు కిందికి దిగక మొదళ్ల దగ్గర నిలిచింది. పైకి చూస్తే ఆకులు నిగనిగలాడుతున్నాయి, నేను మురిసిపోతున్నాను. ఒకరోజు కాడ పట్టుకుని పక్కకి జరపబోతే మొత్తం చేతిలోకి వచ్చేసింది. మొదలు ఉడికిన వంకాయలా మెత్తగా, గోధుమరంగులో, కుళ్లు వాసన. ఒళ్లంతా నీరు దాచుకున్న మొక్క, దాని వేళ్లకి గాలాడకపోతే బూజు పట్టడానికి నాలుగు రోజులు చాలు. వినాయక చవితి నాటికి నాలుగింట్లో మూడు పోయాయి.

చివళ్లు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి. నాలుగు వేళ్ల పొడవున కత్తిరించి, కింది ఆకులు తీసేసి, రెండు రోజులు అరుగు మీద నీడలో పడేశాను. కోసిన చోటు ఆరి పొర కట్టాలి. పచ్చిగా గుచ్చితే మళ్లీ అదే కుళ్లు. తర్వాత సగం ఇసుక, సగం మట్టి కలిపిన డబ్బాల్లో గుచ్చి అరుగు చూరు కింద పెట్టాను. రెండు వారాలు తిరక్కుండానే వేళ్లు పట్టాయి. ఇరవై గుచ్చితే పదిహేడు బతికాయి. ఈ మొక్క మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

ఆ నవంబరులో గట్టును తవ్వించి మళ్లీ కట్టాం. అడుగున ఇటుక ముక్కలు, ఆపైన మట్టికి సమంగా ఏటి ఇసుక, బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద రెండు బొచ్చెలు, వర్మీ కంపోస్టు కొంచెం. ఇల్లు కట్టగా మిగిలిన మహేంద్రతనయ ఇసుక పక్కింటివాళ్ల దగ్గర ఉంది, అడిగితే ఇచ్చారు. చుట్టూ నేలకంటే అరడుగు ఎత్తు లేపాం. ఎరువు ఎక్కువ వేద్దామని చెయ్యి ఊరుకోదు గానీ, వేసిన ఒక మూలలో కాడలు సాగి, ఆకుకీ ఆకుకీ మధ్య దూరం పెరిగి, వాలిపోయాయి. దీనికి పస్తు మంచిది. 2023 వానలకి నష్టం పావు వంతుకి దిగింది. 2024లో ఇంకా తక్కువ. అయినా ప్రతి జూన్ మొదట్లో పది చివళ్లు కోసి చూరు కింద డబ్బాల్లో దాచుకుంటాను. విత్తనాల మూట అటక మీద పెట్టుకున్నట్టే.

రెండో ఏడాది చేసిన తప్పు వేరు. ఒక కొమ్మ అంచు లేకుండా పూర్తిగా పచ్చగా వచ్చింది. బలంగా ఉంది కదా అని వదిలేశాను. మూడు నెలల్లో సగం గట్టు పచ్చదే! ఈ తెల్లంచు రెండు రకాల కణాలు పొరలుగా కలిసి పెరగడం వల్ల వస్తుంది. ఎక్కడైనా పచ్చ కణాల నుంచే కొమ్మ పుడితే దానికి ఆహారం ఎక్కువ, పరుగు ఎక్కువ, తెల్లంచు కొమ్మల్ని తొక్కేస్తుంది. కనిపించిన రోజే పుట్టిన కణుపుతో సహా కోసెయ్యాలి, చివర తుంచితే సరిపోదు. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది: పూర్తిగా తెల్లటి కొమ్మ. చూడ్డానికి వెన్నముద్దలా ఉంటే ఆశపడి అయిదు గుచ్చాను. తల్లి నుంచి విడిపోయాక తిండి తయారుచేసుకునే దారి లేదు, అయిదూ పోయాయి. విత్తనం వేసినా ఈ అంచు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కాడ గుచ్చడం ఒక్కటే దారి.

పురుగుల బాధ తక్కువే. మార్చిలో కణుపుల దగ్గర పిండినల్లి పడుతుంది. చీమల బారు కనిపిస్తే అది ఉన్నట్టే లెక్క. లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు కొడితే పోయింది. వానల్లో నత్తలు రాత్రిపూట ఆకులకి చిల్లులు పెడతాయి, టార్చి వేసుకుని ఏరెయ్యడమే. ఒకసారి గేటు వేయడం మరిచిపోతే మేక వచ్చి అయిదడుగుల మేర నేలమట్టం చేసింది. ఆ రోజు ఏడుపొచ్చింది. నెల తిరిగేసరికి మేక మేసిన భాగమే మిగతా గట్టుకంటే గుబురుగా వచ్చింది! అప్పట్నించి నవంబరులో నేనే కత్తెరతో మేకపని చేస్తున్నాను.

కడియంలో ఆగిన రోజే నూట ఇరవై పెట్టి కొన్న బంగారు రంగు సెడమ్ ఊసు కూడా చెప్పాలి, అదీ మందపాటి ఆకులతో నేల మీద పరుచుకునే మొక్కే. మొదటి జులైలోనే పోయింది, ఒక్క చివర కూడా దక్కలేదు. కోరాపుట్‌లో ఉండే మా స్నేహితురాలి పెరట్లో అదే సెడమ్ చక్కగా పరుచుకుంది. వాళ్లది ఎనిమిది వందల మీటర్లకి పైనున్న ఊరు, వేసవి రాత్రి కూడా చల్లగాలి. కొండ మీదివాళ్లు సెడమ్ వైపు చూడొచ్చు. కింద ఉన్న మనకి వద్దు.

ఎదురింటి మావుసి (ఒడియాలో పిన్ని) మొదటిసారి చూసి "పోయి సాగొ కదా ఇది?" అంది. అంటే బచ్చలికూర. ఆకు బచ్చలిలాగే ఉంటుంది మరి. వండకండి అని చెప్పి నాలుగు కాడలు ఇచ్చాను. ఆవిడ మేడ మీద బాల్కనీలో వేలాడే కుండీలో పెట్టింది. తూర్పు ఎండ, పైన సన్‌షేడ్, వాన చినుకు పడదు. ఏ పాట్లూ పడకుండా ఇప్పుడది నా గట్టుకంటే అందంగా రెండడుగులు కిందికి జారుతోంది. నిజం చెప్పాలంటే మన వానలకి దీని చోటు నేల కాదు, చూరు కింద వేలాడే కుండీ. గట్టు మీద పెంచుతున్నది నా మొండితనం.

అత్తగారు కిందటి కార్తీకంలో నాకు చెప్పకుండా రెండు కాడలు తులసికోట మూలలో గుచ్చారు. రోజూ చెంబుడు నీళ్లు పడే చోటు, వారంలో కుళ్లుతుందన్నాను. నాలుగు నెలలైంది, ఇంకా ఉంది. వానలు రానివ్వండి చూద్దాం.

కొనేవాళ్లు నవంబరు, డిసెంబరుల్లో కొనండి, జూన్‌లో ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కుండీ ఎత్తి చూడండి, బరువుగా నీళ్లోడుతుంటే పక్కది తీసుకోండి. మొదలు దగ్గర కాడని రెండు వేళ్లతో నొక్కండి, మెత్తగా ఉంటే అది అప్పటికే పోయినట్టు. పూర్తి పచ్చ కొమ్మ ఒక్కటి ఉన్నా ఇంటికొచ్చి కత్తిరించాకే నాటండి. పర్లాకిమిడి చుట్టుపక్కల తెలిసినవాళ్లయితే కొనక్కర్లేదు, నవంబరులో కత్తిరింపులప్పుడు మా ఇంటికి రండి, సంచి నిండా ఇస్తాను.