సర్వర్ లేకుండా జేపీఏ: మామిడి మండీలో ఆరు సీజన్లు

చిత్తూరులో ఒక మామిడి మండీకి తూకం చీటీలు, రైతుల ఖాతాలు చూసుకునే ప్రోగ్రాం రాసిచ్చి ఆరు సీజన్లయింది. స్క్రీన్లకు జావా స్వింగ్, జావా ఆబ్జెక్ట్‌లను టేబుళ్లలో దాచి తిరిగి తెచ్చే హైబర్నేట్, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కౌంటర్లు రెండు, కంప్యూటర్లు రెండు. ఈ మాత్రానికి జావా ప్రోగ్రాంలను తనలో పెట్టుకుని నడిపే అప్లికేషన్ సర్వర్ పెడితే దాన్ని చూసుకునేదెవరు?

హైబర్నేట్ లాంటివి పాటించే ప్రమాణమే జేపీఏ. 2006లో ఈజేబీ 3.0 అనే సర్వర్ ప్రమాణంతో పాటు వచ్చిన ఇది, సర్వర్ బయట కూడా నడిచేలా మొదటినుంచీ కట్టిందే. పర్సిస్టెన్స్ ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్లో ట్రాన్సాక్షన్ రకం రిసోర్స్ లోకల్ (అంటే ట్రాన్సాక్షన్లను ప్రోగ్రామే చూసుకుంటుంది) అని రాసి, ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీని ప్రోగ్రాం మొదలవగానే ఒక్కసారి తయారు చేసుకుంటే చాలు.

ఆ ఫ్యాక్టరీ ఇచ్చే ఎంటిటీ మేనేజరే డేటాబేస్ నుంచి ఆబ్జెక్ట్‌లను చదివి, మార్పులను తిరిగి రాసేది. నేను దాన్ని కూడా ఒక్కసారే తెరిచాను. పొద్దున తెరిస్తే రాత్రి షట్టర్ దించేదాకా అదే. తోతాపురి లోడ్లు వరస కట్టిన రోజుల్లో సాయంత్రానికి ఒక్క చీటీ సేవ్ కావడానికే చాలాసేపు పట్టేది. "కాటా కన్నా మీ కంప్యూటరే నిదానం సార్" అన్నాడు గుమాస్తా. పొద్దుటినుంచి చదివిన ప్రతి చీటీ ఎంటిటీ మేనేజర్‌లోనే ఉండిపోతుంది, కమిట్ చేసినప్పుడల్లా, అంటే మార్పులను డేటాబేస్‌లో ఖాయం చేసినప్పుడల్లా, ఏది మారిందో అన్నింటినీ వెతుకుతుంది మరి.

అంతకన్నా టెన్షన్ పెట్టింది అడ్వాన్సుల సంగతి. ఒక కౌంటర్లో రైతుకు అడ్వాన్స్ ఇస్తే రెండో కౌంటర్లో పాత బాకీయే కనిపించేది. క్వెరీ డేటాబేస్ దాకా వెళ్లొచ్చినా, అదే ఐడీ ఉన్న ఆబ్జెక్ట్ ముందే చేతిలో ఉంటే హైబర్నేట్ దాన్నే ఇస్తుంది. ఆ తగువు తీర్చడానికి కాగితం పుస్తకమే తెరవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఒక్కో చీటీకి ఒక్కో ఎంటిటీ మేనేజర్ తెరిచి, పని కాగానే మూసేస్తున్నాను. ఖాతాలకు ప్రతి మార్పుకూ పెరిగే వెర్షన్ కాలమ్ పెట్టాను, ఇద్దరూ ఒకేసారి మార్చబోతే రెండోవాళ్లకు ఎర్రర్ వస్తుంది. మూసేశాక రైతు పేరు మీద నొక్కితే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ మొదలైంది, అంటే ముందే తెచ్చుకోని వివరాలను మూసేశాక అడిగితే వచ్చే ఎర్రర్, అది వేరే గోల. ఆ స్క్రీన్‌కు కావాల్సినవన్నీ జాయిన్ ఫెచ్‌తో ఒకే క్వెరీలో ముందే తెచ్చుకుంటే పోయింది. సర్వర్ ఉంటే ఈ తెరవడం, మూయడం అదే చూసుకునేది. ఇక్కడ అన్నీ మనమే.

డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ పూల్ ఒకటి హైబర్నేట్‌తో వస్తుంది, కానీ అది నిజమైన వాడకానికి కాదని లాగ్‌లో అదే చెబుతుంది, నమ్మండి. టేబుళ్లను దానంతట అదే అప్‌డేట్ చేసే సెట్టింగ్ కూడా తీసేశాను. ఫీల్డ్ పేరు మారిస్తే పాత కాలమ్ అలాగే ఉంచి పక్కన ఖాళీ కాలమ్ చేరుస్తుంది. హైబర్నేట్ 6కు మారినప్పుడు కోడ్‌లో ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ అని ఉన్నచోటల్లా జకార్తా అని మార్చడానికి ఒక పూట పట్టింది.

మొదలవడానికి మాత్రం ఇప్పటికీ కొన్ని క్షణాలు తీసుకుంటుంది. గుమాస్తా స్విచ్ వేసి ఊదొత్తి వెలిగించేలోపు స్క్రీన్ వచ్చేస్తుంది.