ఏడేళ్లుగా వర్డ్‌ప్రెస్ మెనూలతో నా కుస్తీ

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగు సంఘం వెబ్‌సైట్ ఏడేళ్లుగా నా నెత్తిమీదే ఉంది. వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో కట్టాం. జీతం లేదు, తిట్లు మాత్రం అందుతాయి. వాటిలో సగం మెనూ గురించే.

నేను వాడేది పాత పద్ధతి: అప్పియరెన్స్‌లోకి వెళ్తే మెనూస్. 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచీ ఉన్నదే. ఎడమవైపు కావలసిన పేజీలకు టిక్ పెట్టి మెనూలో చేర్చి, మౌస్‌తో పట్టుకుని పైకీ కిందకీ జరుపుకోవడమే. కాస్త కుడికి జరిపితే పైదానికి సబ్‌మెనూ అవుతుంది. కోడ్ రానక్కర్లేదు. మా అమ్మాయి పావుగంటలో నేర్చేసుకుంది, నాకు ఒక సాయంత్రం పట్టింది.

అంత సులువు కావడమే నా కొంప ముంచింది. జరిపితే చాలు కదా అని మొదటి ఏడాది మూడంతస్తులు కట్టాను. 'కార్యక్రమాలు' కింద 'జయంతులు', దాని కింద 'గిడుగు జయంతి'. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి ఆగస్టు 29 మాకు పండగే. కంప్యూటర్‌లో మౌస్ పెట్టగానే మెనూ చక్కగా కిందికి జారేది. సభ రోజు పొద్దున్నే మా కోశాధికారి మాస్టారు ఫోన్ చేశారు.

"ఏటి బాబూ, కార్యక్రమాలు నొక్కుతుంటే తెల్ల పేజీ వస్తంది. సభ ఎన్ని గంటలకో ఎక్కడ రాసావు?"

ఆయన చూస్తున్నది ఫోన్‌లో. అక్కడ మౌస్ ఏదీ? వేలు తగలగానే సబ్‌మెనూకి బదులు 'కార్యక్రమాలు' పేజీ తెరుచుకుంటోంది. అందులో నేను ఒక్క ముక్క రాయలేదు. ఆ పేజీని మెనూలోంచి తీసేసి, అదే పేరుతో ఒక కస్టమ్ లింక్ పెట్టి, చిరునామా గడిలో # గుర్తు ఒక్కటే వేశాను. మా థీమ్‌లో (సైట్ రూపాన్ని నిర్ణయించే అచ్చులో) ఇప్పుడు దాన్ని నొక్కితే ఎక్కడికీ పోదు, కింద ఉన్నవి తెరుచుకుంటాయి. జయంతులు అనే అంతస్తు కూడా ఎత్తేశాను. అప్పటినుంచి రెండే.

పేర్ల దగ్గర ఇంకా ఆలస్యంగా బుద్ధి వచ్చింది. 'గ్రంథాలయము', 'సంప్రదింపులు', 'కార్యనిర్వాహక వర్గము' అని పెడితే అందరూ నాకే ఫోన్ చేసి నంబర్లు అడిగేవారు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి ఊళ్లో ఉంటూ ఇది తట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఇప్పుడు 'లైబ్రరీ', 'ఫోన్ నంబర్లు', 'కమిటీ'. నావిగేషన్ లేబుల్ అనే గడిలో మారిస్తే మెనూలో పేరే మారుతుంది, పేజీ శీర్షిక అలాగే ఉంటుంది. కాబట్టి అధ్యక్షుల వారికి పేజీ పైన కార్యనిర్వాహక వర్గము భద్రంగానే ఉంది.

తెలుగులో సైట్ నడిపేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పేజీ పేరు తెలుగులో రాస్తే దాని చిరునామాలో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు శాతం గుర్తులతో కలిపి తొమ్మిదేసి అక్షరాలవుతుంది. ఈ ముక్కకి పరిమితి 200 అక్షరాలు. అంటే ఇరవై రెండు గుర్తులు దాటితే తోక తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే అదేదో మోసం లింకులా కనిపిస్తుంది. అందుకే మెనూలో చేర్చే ముందే స్లగ్‌ని, అంటే చిరునామాలో పేజీ పేరుండే ముక్కని, ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చేస్తాను. తర్వాత మార్చినా మెనూలోని పేజీ లింకులు వాటంతటవే సర్దుకుంటాయి. కస్టమ్ లింకులు సర్దుకోవు, అవి మనమే వెతికి మార్చాలి.

కొత్త పేజీలను మెనూలో దానంతటదే చేర్చే టిక్ ఒకటి ఉంటుంది. తీసేయండి. నేను ప్రయోగానికి చేసిన 'ట్రయల్ 2' నాలుగు రోజులు అందరికీ దర్శనమిచ్చింది.

థీమ్ మార్చిన రోజు మెనూ మొత్తం మాయమై చెమటలు పట్టాయి. అది ఎక్కడికీ పోలేదు. కొత్త థీమ్‌లో ఏ చోట కనిపించాలో మేనేజ్ లొకేషన్స్‌లో చెప్పాలి, అంతే.

ఒడియా మీడియంలో చదివే మా పిల్లల కోసం పాలీల్యాంగ్ అనే ప్లగిన్‌తో (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే అదనపు సాధనం) ఒడియా మెనూ విడిగా పెట్టాం. పని రెండింతలైంది. తెలుగులో కొత్త లింక్ పెట్టి ఒడియాలో మరిచిపోవడం నాకు అలవాటే.

2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి బ్లాక్ థీమ్‌లలో (సైట్ మొత్తాన్ని బ్లాకులనే ముక్కలతో కట్టే థీమ్‌లలో) ఈ మెనూస్ పేజీకి బదులు సైట్ ఎడిటర్‌లో నావిగేషన్ బ్లాక్ వాడాలి. ట్రయల్ సైట్‌లో రెండు రాత్రులు కూర్చున్నాను. రంగులు, ఖాళీలు అక్కడే మార్చుకోవచ్చు, బాగుంది. కానీ మాస్టారికి ఫోన్‌లో చెప్పి లింక్ పెట్టించాలంటే పాతదే నయం. వచ్చే కమిటీలో కుర్రాళ్లెవరైనా ఉంటే కొత్తదానికి వాళ్లే మార్చుకుంటారు.